మా అమ్మ మూర

నా చిన్నప్పుడు తిరుచానూరులో పూలకు కొలత ఒకటే, అమ్మే మనిషి మోచెయ్యి. మోచేతి నుంచి నడివేలి కొస దాకా దండ సాగదీస్తే ఒక మూర. అమ్మే మనిషి పొడుగైతే కొనేవాళ్ల అదృష్టం, పొట్టి అయితే వాళ్ల ఖర్మ. దాని గురించి ఎవరూ పంచాయితీ పెట్టుకునేవాళ్లు కాదు. మా అమ్మ బాగా పొట్టి మనిషి. గుడికి పోయే వీధి మొదట్లో గంప పెట్టుకొని కనకాంబరాలు, మల్లెలు, మరువం కలిపి కట్టి అమ్మేది. గుడికొచ్చే భక్తులు ఇవాళ కొంటారు, రేపు ఉండరు. మా ఇంట్లో పొయ్యి వెలిగేది వాడికగా రోజూ పూలు తీసుకునే ఇళ్ల వల్లనే. సాయంత్రం ఆ ఇళ్లకు పూలు ఇచ్చి వచ్చే పని నాది.

రెండో తరగతికి వచ్చేసరికి మాకొక కొత్త టీచరమ్మ వచ్చింది. వల్లె వేయించడం ఆమెకు గిట్టదు. ఏదైనా చేత్తో పట్టుకొని చూస్తేనే బుర్రకెక్కుతుందని ఆమె నమ్మకం. చింతగింజలతో కూడికలు చేయించేది, బంకమట్టితో అక్షరాలు చేయించేది. చదువు చెప్పమని పంపిస్తే ఆటలాడించి పంపిస్తోందని పెద్దవాళ్లు మొదట్లో సణిగారు. మాకు మాత్రం బడి వదిలితే బెంగగా ఉండేది.

కొలతల పాఠం కూడా ఆమె అలాగే మొదలుపెట్టింది. బీరువాలో మీటరు బద్ద ఉన్నా బయటికి తీయలేదు. నల్లబల్ల కింది గోడను ఎవరి మూరతో వాళ్లను కొలవమంది. ఒక్కొక్కరికి ఒక్కో లెక్క వచ్చింది. నాది ఒప్పంటే నాది ఒప్పని కొట్టుకున్నంత పని చేశాం. ఆమెకు కావలసింది కూడా అదే. ఆ ఊపులో ఆమె, పొద్దున మా అమ్మ దగ్గర రెండు మూరలని కొని జడలో పెట్టుకున్న దండను తీసి, అందరి ముందూ తన చేత్తో కొలిచింది. రెండో మూర ఆమె మణికట్టు దగ్గరే అయిపోయింది.

చేతులు రకరకాలు కాబట్టి అందరికీ ఒకే బద్ద కావాలని చెప్పబోయింది, పాపం. నోరు తెరిచే లోపలే సత్రం మేనేజరు కూతురు లేచి నిలబడింది.

"ఆ పూలు ఈ పిల్ల వాళ్లమ్మే అమ్మింది టీచరమ్మా! మూర తక్కువ పెట్టి మోసం చేస్తా ఉండాది."

తరగతి అంతా నా వైపు తిరిగింది. టీచరమ్మ కంగారుపడి ఏదో సర్దిచెప్పింది. గంట కొట్టాక పిల్లల నోళ్లు మూయించే టీచరు ఎక్కడైనా ఉంటుందా?

పొద్దుగూకే లోపల ఆ మాట వీధంతా పాకింది. అమ్మ చెయ్యి పొట్టిదని అందరికీ ఎప్పటి నుంచో తెలుసు. అయితే బడిలో టీచరమ్మే కొలిచి చూపించిందంటే దాని బరువు వేరు. పూలు తీసుకొని వెళితే సత్రం మేనేజరు ఇంట్లో గుమ్మం దగ్గరే వద్దన్నారు. వాళ్లను చూసి పక్కింటివాళ్లు కూడా రేపటి నుంచి తేవద్దన్నారు. వెనక్కి తెచ్చిన పూలు గంపలో వేస్తుంటే అమ్మ ఎందుకని అడిగింది. చెప్పాను. ఆమె తన కుడిచెయ్యి ముందుకు చాపి, ఎవరిదో చెయ్యిని చూసినట్టు చూసుకుంది.

"నాకుండేది ఈ చెయ్యే గదమ్మే. ఇంకొకరి చెయ్యి యాడ తెచ్చేది?" అంది.

నాకు ఏడుపు వచ్చింది. ఇక బడికి పోనన్నాను. పొమ్మని ఆమె కూడా అనలేదు.

మరునాడు నేను కనబడకపోయేసరికి టీచరమ్మకు విషయం అర్థమైనట్టుంది. బడి వదిలాక నేరుగా మా గంప దగ్గరికే వచ్చింది. వీధి నిండా జనం ఉన్న వేళ.

"పాఠం నేనే సరిగ్గా చెప్పలేదమ్మా. నీకు చెడ్డపేరు తెచ్చినాను. రేపు పాపను తోడుకోని బడికి రా" అంది. కావాలంటే మీటరు బద్ద ఒకటి తెప్పించి ఇస్తానని కూడా అంది.

"పూలేమన్నా గుడ్డలా టీచరమ్మా, కట్టెతో కొలిచేదానికి? కొనేవాళ్లు నవ్విపోరా?" అంది అమ్మ. ఆ మాత్రం పౌరుషం ఆమెకు ఎప్పుడూ ఉండేది.

అమ్మ బడి గడప తొక్కడం అదే మొదటిసారి. వెనక గోడకు ఆనుకొని, చెంగు భుజం చుట్టూ లాక్కొని నిలబడింది. టీచరమ్మ మమ్మల్ని ఒకరి తరువాత ఒకరిని నేల మీద పడుకోబెట్టి, తల దగ్గర ఒక గీత, మడమల దగ్గర ఒక గీత సుద్దతో గీయించింది. లేచి ఆ గీతల మధ్య దూరాన్ని ఎవరి మూరతో వాళ్లను కొలుచుకోమంది. వెనక బెంచీ పొడుగు పిల్లవాడు కొలుచుకున్నాడు, నాలుగు మూరలకు కాస్త తక్కువ. అందరికంటే చిన్నపిల్ల కొలుచుకుంది, ఆమెకూ అంతే. సత్రం మేనేజరు కూతురికీ అంతే. నమ్మలేక మళ్లీ మళ్లీ కొలుచుకున్నాం. అప్పుడు టీచరమ్మ గంజి పెట్టిన చీర కుచ్చిళ్లు సర్దుకొని, ఆ సుద్దపొడిలోనే వెల్లకిలా పడుకొని, నన్ను గీతలు గీయమంది. ఆమెకూ నాలుగుకు కాస్త తక్కువే.

తరువాత అమ్మను పిలిచింది. అమ్మ సిగ్గుపడి పడుకోనంది. గోడకు నిలబెట్టారు. నేను ముక్కాలి పీట ఎక్కి ఆమె తల మీద గీత గీశాను. నేల నుంచి ఆ గీత దాకా అమ్మ తన పొట్టి చేత్తోనే కొలుచుకుంటూ పోయింది. నాలుగుకు కాస్త తక్కువ.

"ఎవరి చెయ్యి వాళ్ల ఒంటికి సరిపోయేటట్టే ఉంటుంది. అమ్మ తన చేత్తో కొలిచింది. ఇందులో మోసం యాడుండాది?" అని టీచరమ్మ పిల్లలను అడిగింది. ఆ తరువాతే బీరువాలోంచి మీటరు బద్ద తీసి, మిగిలిన పాఠం చెప్పింది.

సత్రం మేనేజరు ఇంటి వాడిక మళ్లీ మొదలైంది. వద్దని చెప్పించిన పిల్లే మళ్లీ తీసుకోమని ఇంట్లో పోరు పెట్టిందని విన్నాను. పక్కింటివాళ్లు మాత్రం మళ్లీ తీసుకోలేదు. ఒకసారి పడ్డ నింద పూర్తిగా పోతుందని నేను ఎవరికీ చెప్పను.

అయితే ఆ రోజు నుంచి నాతో ఉండిపోయింది కొలతల పాఠం కాదు. గోడ దగ్గర నుంచి ఇవతలికి వచ్చి, చేతికి అంటిన సుద్ద దులుపుకుంటూ, అమ్మ టీచరమ్మను మెల్లగా అడిగింది.

"అయితే నేను కూడా మీ అంతే ఉండానా టీచరమ్మా?"

"అంతే గదమ్మా" అంది టీచరమ్మ, అదేదో ఊరందరికీ తెలిసిన సంగతే అయినట్టు. అమ్మ మొహంలో అప్పుడు కనిపించిన సంతోషం ఆమె బతికినన్నాళ్లలో నేను మళ్లీ చూడలేదు. ఇన్నేళ్ల తరువాత కూడా, ఎవరైనా నా గుమ్మం ముందు తగ్గి, ఒదిగి నిలబడితే నాకు అమ్మ అడిగిన ఆ మాటే వినిపిస్తుంది. వాళ్లు అడగరు. అడగకపోయినా చెయ్యి పట్టుకొని లోపలికి తీసుకొచ్చి, నా పక్కనే కూర్చోబెట్టుకుంటాను.