మా అమ్మాయి మందు నా ముక్కులోకి పోయిన రోజు

నేను చేసిన ఘనకార్యం వినండి. సొంత కూతురి మందు ఎత్తుకుపోయి ఆ పిల్లకే దొరికిపోయాను. అయినా అంత మంచిరోజు నా జన్మలో లేదు.

మాది ధర్మవరం. పట్టుచీరలు మూటగట్టుకుని పెళ్లివారి ఇళ్లకు పోయి అమ్ముతాను. మా సుజాతకు పదిహేడేళ్లు, ఆటిజం ఉంది. ఇంటికెవరైనా వస్తే గదిలోకి పోతుంది, ఫోన్ మోగితే చెవులు మూసుకుంటుంది. బెంగళూరులో కొత్త మందు పరీక్షించే ఒక ట్రయల్‌లో చేర్పించాం. ముక్కులో కొట్టుకునే హార్మోన్ స్ప్రే, నలుగురితో కలవడానికి పనికొస్తుందేమో చూస్తారట. కొందరికి మందు, కొందరికి ఉత్త ఉప్పునీళ్లు. ఎవరికేదో డాక్టరుకే తెలియదు. పొద్దున ఎనిమిదికి కొట్టుకోవాలంటే సుజాత ఒక్క నిమిషం అటూఇటూ కానివ్వదు.

ఆ రోజు హిందూపురంలో పెళ్లివారు రమ్మన్నారు. నాకేమో జలుబు. పెళ్లిచీర విప్పుతూ అమ్మేవాడు తుమ్మితే ఇంకేముంది, మూట సర్దుకుని రావడమే. రైలుకు టైమైపోతోందని ఫ్రిజ్‌లో మందుల అరలో చెయ్యిపెట్టి నా జలుబు స్ప్రే జేబులో వేసుకున్నాను. స్టేషన్లో ఒకసారి కొట్టుకున్నాను. పెనుకొండ దగ్గర రెండోసారి కొట్టుకుని చూస్తే, దాని మీద సుజాత పేరు!

టైము ఎనిమిదిన్నర. మా ఆవిడకు ఫోన్ చేస్తే ఎంగేజ్. పిల్లను ట్రయల్ నుంచి తీసేస్తారేమోనని భయమేసింది. కానీ మందు లోపలికి పోయింది కదా. ధర చెప్పి మూగోడిలా కూర్చునే నేను, పెళ్లివారింట్లో అవ్వ మోకాళ్ల నొప్పులతో సహా అందరి కష్టసుఖాలూ అడిగాను. మూడు చీరలు అమ్ముడుపోయాయి. హార్మోనంటే ఇదీ అనుకున్నాను.

నాలుగోది విప్పుతుంటే డాక్టరు ఫోన్.

"మీ అమ్మాయి ఫోన్ చేసిందండీ."

"మా ఆవిడా సార్?"

"కాదు, అమ్మాయే. 'మా నాయన నా మందు ఎత్తుకపోయినాడు. పోతే ఫోన్ చేయమని మీ కాగితంలో ఉండాది, అందుకే చేస్తాండా. ఇప్పుడు నేనేం చేయాల?' అని అడిగి, నేను చెప్పిందంతా విని పెట్టేసింది. ఒక పూట తప్పితే రాసుకుంటాం, తీసెయ్యం. మీకేమైనా తలనొప్పి, వాంతులు?"

"లేదు సార్, మూడు చీరలు అమ్ముడుపోయినాయి," అన్నాను. అంతే, ఏడుపు ఆగలేదు.

"ఏమప్పా, ఏమైంది?" అన్నాడు పెళ్లిపెద్ద.

"మా పాప ఫోన్లో మాట్లాడిందంట సామీ. తెలియని మనిషితో."

అవ్వ కొంగుతో కళ్లు తుడుచుకుని, "ఆ నాలుగోది గూడా ఈడే పెట్టిపో నాయనా," అంది.

పోయిన వారం ట్రయల్ అయిపోయింది. ఎవరికేమిచ్చారో చెప్పారు. సుజాతకు ఇచ్చింది ఉత్త ఉప్పునీళ్లట.

ఇప్పుడు నేను మూట ఎత్తితే చాలు, గదిలోంచి బయటికొచ్చి, వచ్చిన చుట్టాలందరి ముందూ అడుగుతుంది: "ఉప్పునీళ్లు కొట్టుకున్నావా నాయనా?"