ఒకే గాటున్న రెండు రూపాయలు

మా దేవుడి గూట్లో ఉన్న ఐదు వెండి రూపాయల్లో ఒకటి నకిలీదని నేను ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు.

అవి నాయనమ్మ పుట్టింటి నుంచి తెచ్చుకున్నవి. రాజుల కాలంలో సుత్తితో అచ్చు కొట్టి, అంచులు ఆకురాయితో సరిచేసిన బిళ్ళలు. దీపావళికి చింతపండుతో తోమి లక్ష్మి ముందు పెడతాం. ఆ ఏడు తోమే పని నాకొచ్చింది. చేత్తో చేసిన నాణేలు ఏ రెండూ ఒకేలా ఉండవని ఎక్కడో చదివాను. అందుకే ఒక్కోదాన్నీ వెలుగులో తిప్పి చూశాను.

రెండింటికి అంచు మీద ఒకేచోట, ఒకే వంకరతో గాటు ఉంది. ఒకదానిది పదునుగా ఉంది. రెండోదానిది మైనంలో నొక్కినట్టు మెత్తగా ఉంది, పైగా అంచు చుట్టూ సన్నటి అతుకు గీత. నేల మీద వేస్తే మొదటిది ఖంగుమంది. రెండోది టక్కుమని ఊరుకుంది.

అంటే మా రూపాయినే నమూనాగా ఇచ్చి ఎవరో పోత పోయించారు. ఆ పని ఇంట్లోవాళ్ళే చేయగలరు. నల్లబడినప్పుడల్లా వాటిని మెరుగు పెట్టించడానికి తెలిపారా బజారులో కంసాలి దగ్గరికి తీసుకెళ్ళేది పిన్ని, మా బాబాయి భార్య.

సాయంత్రం ఆమె రాజ్‌కిశోర్ నగర్ నుంచి మిఠాయి డబ్బాతో వచ్చింది. నా చేతిలో బిళ్ళ చూసింది.

"ఏటే, పుస్తకాలైపోయాయా? ఇప్పుడు రూపాయలు చదువుతున్నావా?"

"పిన్నీ, కిందటిసారి మెరుగు పెట్టినంతసేపూ నువ్వక్కడే ఉన్నావా?"

"అచ్ఛా! నా మీద ఇంక్వైరీ పెట్టావేటి?" అని పకపకా నవ్వింది. ఆ నవ్వు నాకు కాస్త ఎక్కువే అనిపించింది. పూజలో ఆమె దణ్ణం పెడుతున్నా ఆమె చేతులకేసే చూశాను. ఆ గాజులు కొత్తవా?

అందరూ ప్రమిదలు పెట్టడానికి క్వార్టర్ బయటికి వెళ్ళాక, ఆ రెండు బిళ్ళలూ నాయనమ్మ అరచేతిలో పెట్టాను. ఆమెకి చూపు సరిగ్గా ఆనదు. బొటనవేలితో అంచులు తడిమి, మెత్తటిదాన్ని వెంటనే పక్కకి తీసింది.

"పిన్ని పనేనా?" అన్నాను.

"దాన్నేటీ అనకు. నేనే పోయించాను. గూట్లో ఐదుండాలి కదా."

"మరి అసలు ఐదోది ఏమైంది?"

ఆమె రెండింటినీ తడిమి తడిమి మళ్ళీ పూజ పళ్ళెంలో పెట్టింది.

"మీ తాత పోయినప్పుడు నుదుటి మీద రూపాయి బిళ్ళెట్టమన్నారు పెద్దోళ్ళు. నాతో అన్నేళ్ళు కాపరం సేసిన మనిషిని ఉత్తుత్తి బిళ్ళెట్టి పంపుతానేటే?"