నేల తడి కొలిచిన మా వదిన

మా వదిన మొన్న కాకినాడలో పోయారు. "మీ వదిన వెళ్ళిపోయిందిరా" అన్నాడు అన్నయ్య ఫోన్లో. ఆ పైన ఇద్దరం ఏడ్చాం. నేనివాళ బతికున్నానంటే ఆవిడ వల్లే. అది మీకు చెప్పకుండా ఉండలేను.

కువైట్‌లో ఆవిడది నేలను కొలిచే ఉద్యోగం. ఉక్కు కడ్డీలు మట్టిలో గుచ్చి, రేడియో తరంగాలు పంపి, లోపల తడి ఎంతో, ఉప్పు ఎంతో మీటరు మీద చూసేవారు. ఉపగ్రహం తీసిన బొమ్మలతో దాన్ని సరిచూసుకోవాలట. "పైనుంచి ఎంత చూసినా, కిందికొచ్చి ఒకళ్ళు గుచ్చి చూడాలబ్బాయ్" అనేవారు. అక్కడే హవల్లీ పేటలో వాళ్ళ ఫ్లాటులో నేనూ ఉండేవాణ్ణి. ఇంటి నిండా మట్టి డబ్బాలే. ఒకసారి ఉప్పనుకుని ఎడారి మట్టిని పప్పులో వేసేశాను. "పప్పు పోతే పోయింది, మూత తీసేశావేంట్రా! తడంతా ఆరిపోదూ?" అని చెడామడా తిట్టారు.

తొంభైలో ఇరాక్ సైన్యం కువైట్ మీదికి వచ్చేనాటికి అన్నయ్య సెలవు మీద కాకినాడలో ఉన్నాడు. వాళ్ళ మూడేళ్ళ బాబుని తీసుకుని వదినా నేనూ కారులో జోర్డాన్ దారి పట్టాం. మీటరెందుకండీ, వదిలేయండన్నాను. "దోచుకుపోతార్రా. మళ్ళీ ఇలాంటిది నాకెవరిస్తారు?" అన్నారు.

బాగ్దాద్ దాటాక ఎడారిలో సైనికులు ఆపారు. వైర్లున్న పెట్టె చూసి, గూఢచారి రేడియో అన్నారు. నన్ను కిందికి లాగి, మోకాళ్ళ మీద కూర్చోబెట్టి, తలకి తుపాకీ ఆనించారు. ఇది మట్టిలో తడి చూసేదని వదిన వచ్చీరాని అరబీలో బతిమాలారు. "యల్లా, చూపించు" అన్నాడు అధికారి. ఆవిడ కడ్డీలు గుచ్చారు. అంతా ఎండిన ఇసుక. ముల్లు కదల్లేదు.

కారులో ఒక్క సీసా నీళ్ళున్నాయి. విరేచనాలతో వాడిపోయిన బాబు కోసం ఉప్పూ పంచదారా కలిపి దాచినవి. వదిన వాడి వైపు చూశారు, నా వైపు చూశారు. కడ్డీల మొదట్లో కొంచెం పోస్తే పైపైనే ఇంకిపోయింది. మొత్తం వంపేశారు. ముల్లు లేచింది. "ఖలాస్, పోండి" అన్నాడు అధికారి. మీటరు మాత్రం లాక్కున్నారు.

సరిహద్దులో కార్లు బారులు తీరి ఉన్నాయి. నీళ్ళ లారీ రాలేదు. మర్నాడు మధ్యాహ్నం బాబు పోయాడు.

ఇన్నేళ్ళలో ఆవిడ నన్ను ఒక్క మాట అనలేదు. నా పెళ్ళికి పెద్దదిక్కై నిలబడ్డారు, నా పిల్లలకి నీళ్ళు పోశారు. అంత మంచితనం మోయడం నాకు కష్టంగానే ఉండేది.

బాబు పోయిన సాయంత్రం, ఆ సరిహద్దు దగ్గరే, ఎవరినో పార అడిగి గొయ్యి తీశాను. బాబుని దించబోతుంటే వదిన ఆగమన్నారు. గోతిలోకి వంగి, అడుగున అరచేయి ఆనించి చూశారు.

"పొడిగానే ఉందబ్బాయ్. చలెయ్యదులే వాడికి. పడుకోబెట్టు" అన్నారు.