పట్టుచీర కప్పిన బొమ్మ

మీ ఇంటికి మనవాళ్లు వస్తున్నారంటే మీరు ముందుగా దాచేది ఏమిటి? నేనైతే ఒక బొమ్మను దాచాను. అప్పటికి నాకు యాభై రెండేళ్లు. చదువుకునే రోజుల్లో హేతువాద సభల్లో మైకు పట్టుకుని, పేరున్న పండితులు నీళ్లు నమిలేలా వాదించినదాన్ని.

అమెరికాలోని బాతెల్‌లో మా అపార్ట్‌మెంట్ పై అంతస్తులో ఒక తైవాన్ చిత్రకారిణి ఉంటుంది. నాలాగే ఒంటరి. ఆదివారం మధ్యాహ్నాలు ఆమె టీ, నా పకోడీలు. ఆఫీసు మాటలు కాకుండా వారం మొత్తంలో నేను మనసు విప్పి మాట్లాడేది ఆ రెండు గంటలే. ఒకరోజు కొత్త బొమ్మ తెచ్చి మా హాల్లో తగిలించింది. ప్రదర్శనకు పంపేలోగా అది మనుషులు మసిలే ఇంట్లో ఎలా ఉంటుందో చూడాలట.

బొమ్మలో గుడి ఊరేగింపు. పూనకం వచ్చిన మగవాడొకడు చొక్కా లేకుండా, కత్తితో తన వీపును తానే కొట్టుకుంటున్నాడు. నెత్తురు కారుతోంది. పక్కన ప్లాస్టిక్ స్టూలు మీద ఒక ఆడమనిషి జామకాయ కొరుకుతూ అతని ఒంటిని ఆశగా చూస్తోంది. ఆ చూపులో సిగ్గు లేదు. ఇక్కడి గ్యాలరీవాళ్లు డ్రాగన్ లేదేం, మీ సంస్కృతి ఏదీ అని అడిగారట. వాళ్ల ఊరు తైపీలో అయితే ఇది అమెరికావాళ్ల మెప్పు కోసం వేసిందన్నారట.

"నువ్వు వాదించే మనిషివి కదా. ఎవరైనా అడిగితే దీని తరఫున వాదించు," అంది. సరేనన్నాను.

ఆ నెల తలా ఒక వంటకం తెచ్చుకునే మా తెలుగువాళ్ల పాట్‌లక్ మా ఇంట్లో. ఆమెనూ పిలిచాను. మా హాల్లో ఆ బొమ్మ చూసి వెళ్లిన ఒక స్నేహితురాలు ముందురోజు ఫోన్ చేసింది.

"అక్కా, పిల్లలొస్తారు కదా. మా అత్తయ్య కూడా ఉన్నారు. ఆ పెయింటింగ్‌ని జస్ట్ ఒక్క రోజు కవర్ చేసేయ్."

నేను వాదించలేదు. వీళ్లు కూడా పిలవడం మానేస్తే నాకు ఇంకెవరున్నారని భయం. దుప్పటి కప్పితే బాగుండదని పట్టుచీర తీసి కప్పాను.

స్నేహితురాలి అత్తగారు లోపలికి రాగానే దాని ముందు ఆగి లెంపలు వేసుకుంది. పట్టు తెర వెనక దేవుడు కాక ఇంకెవరుంటారు? టేబుల్ మీది పువ్వు తీసి కింద పెట్టింది. ఆమెను చూసి మరో ఇద్దరు దండం పెట్టారు.

"తెర ఎప్పుడు తీస్తరు బిడ్డా?" అని నన్నడిగింది. పకోడీలు చూసొస్తానని వంటింట్లోకి వెళ్లాను.

తిరిగి వచ్చేసరికి చిత్రకారిణి గుమ్మంలో నిలబడి ఉంది. చీరను, పువ్వును, దండాలను చూసింది. తెచ్చిన కేకుల డబ్బా నా చేతిలో పెట్టి, మెట్లెక్కి వెళ్లిపోయింది. ఆ తర్వాత కాసేపటికి పెద్దావిడ ఓపిక పట్టలేక చీర కొంగు ఎత్తింది. చాలాసేపు చూసింది.

"గీయన మా బోనాల పోతరాజు లెక్కనే ఉన్నడు," అంది. ఆపైన చిన్నగా నవ్వి, "గా పిల్ల జూడు, ఎట్ల జూస్తుందో. మేం జూడలేదా ఏంది?"

ఆమె కోడలు ముఖం తిప్పుకుంది. పిల్లలు పిజ్జా తింటున్నారు. కొంప ఏమీ మునగలేదు.

మర్నాడు చిత్రకారిణి బొమ్మ తీసుకెళ్లడానికి వచ్చింది. పెద్దావిడ అన్న మాటలు చెప్పాను. పోతరాజు ఎవరో, బోనాల ఊరేగింపు ముందు కొరడాతో ఒళ్లు ఎలా కొట్టుకుంటాడో చెప్పాను. ఆమె శ్రద్ధగా విని, "అప్పుడు నువ్వేమన్నావు?" అని అడిగింది.

ఏమీ అనలేదని ఒప్పుకున్నాను.

"మా అమ్మ కూడా నా బొమ్మలు కప్పేది. పాత దుప్పటితో," అని బొమ్మను చంకలో పెట్టుకుని వెళ్లింది.

ఇప్పుడు ఆదివారాలు పై అంతస్తులో కుర్చీ జరిగిన చప్పుడు వింటూ ఒక్క కప్పు టీ పెట్టుకుంటాను. మేకు గోడకే ఉంది. పాట్‌లక్‌కి మాత్రం పిలుస్తూనే ఉన్నారు. వెళ్తున్నాను, పులిహోర పట్టుకుని. అక్కడ నాతో మాట్లాడేవాళ్లు ఉన్నారు గానీ, నేను మాట్లాడేది ఏమీ లేదు.

మీ ఇంట్లోనూ ఏదో ఒకటి కప్పి ఉంచే ఉంటారు. ఆ గుడ్డ తీసేయండి. చుట్టాలు వెళ్లాక కాదు, వాళ్లు ఎదురుగా కూర్చుని ఉండగా తీయండి. అడిగితే జవాబు చెప్పండి.