నాకు చెప్పనిది యాప్‌లో పెట్టింది

దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్ సెంటర్లున్న సందులో నాది చిన్న జిరాక్స్ షాపు. అప్పుడు మా అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం. కాలేజీ అయ్యాక షాపుకొచ్చి, కాగితం కట్టల మధ్య స్టూలు వేసుకుని చదువుకునేది. ఆమెకు చిన్నప్పటి నుంచీ ఆస్తమా. ఆ ఏడు చలి మొదలయ్యాక రాత్రిళ్లు దగ్గుతో లేచి కూర్చోవడం ఎక్కువైంది. పగలేమో పుస్తకం మీదే తల వాల్చేసేది. నిద్ర లేకపోవడానికి ఫోనే కారణమని నా గట్టి నమ్మకం. తొమ్మిది కాగానే లాక్కుని బీరువాలో పెట్టేవాణ్ని.

మలక్‌పేటలో మేం చూపించుకునే డాక్టరమ్మది గోదావరి వైపు. మేం చెప్పిందంతా విని, అమ్మాయి ఫోన్‌లో ఒక యాప్ వేయించారు.

"రాత్రి ఎలా నిద్రపట్టిందో, ఎన్నిసార్లు మెలకువ వచ్చిందో రోజూ పొద్దున్నే ఇందులో పెట్టమ్మా. పడుకోబోయే ముందు ఇన్‌హేలర్ సంగతి అదే గుర్తుచేస్తుంది. నెల తర్వాత ఇద్దరూ రండి."

నాకు నచ్చలేదు. "నేను ఫోన్ గుంజుకుంటుంటే మీరు ఇంకో యాప్ ఇస్తున్నరేంది మేడమ్?" అన్నాను.

"రెండు నిమిషాల పనండీ. అది కాగానే మీరే తీసేసుకోండి," అని నవ్వారు.

రెండు వారాలు ఊరుకున్నాను. ఒక ఆదివారం పొద్దున అల్మాస్‌గూడలో మా ఇంటి మెట్ల మీద కూర్చుని చాయ్ తాగుతూ, "అండ్ల ఏముందో జర చూపియ్యి బిడ్డా," అన్నాను. కాసేపు తటపటాయించి ఇచ్చింది. దగ్గుతో లేచిన రాత్రులు ఎర్రగా, బాగా పడుకున్నవి పచ్చగా ఉన్నాయి. ఎరుపే ఎక్కువ. ప్రతి రోజు కిందా ఒక ప్రశ్న: రాత్రి ఇన్‌హేలర్ తీసుకున్నారా? వరసగా అన్నిటికీ 'లేదు' అనే ఉంది.

ప్రతి రాత్రీ "పంపు తీసుకున్నవా?" అని నేను అడిగితే, "ఆ, డాడీ," అని చెప్పిన పిల్ల ఈమే.

"నాకు అబద్ధం ఎందుకు చెప్పినవ్?"

తల వంచుకుంది. "నువ్వే అన్నవ్ కద డాడీ, పెదనాన్న వాళ్లింట్ల. గీ పంపు అలవాటైతే జిందగీ అంత ఇడవదని. అందుకే దమ్ము ఒచ్చినప్పుడే తీసుకుందామనుకున్న."

"మరి అండ్ల నిజమెందుకు పెట్టినవ్?"

"గా యాప్ పరేషాన్ కాదు కద. నువ్వైతే అయితవ్."

వనస్థలిపురంలో మా అన్న ఇంట్లో భోజనాలప్పుడు అందరి ముందూ నేనా మాట అన్నది నిజమే. అని మరిచిపోయాను కూడా. కోపం రాలేదు, సిగ్గేసింది.

నెల దాకా ఆగలేదు. మర్నాడు మధ్యాహ్నం షాపు షట్టర్ దించి ఆమెను డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపోయాను. జరిగింది జరిగినట్టు చెప్పాను.

"ఇది అలవాటు పడిపోయే మందు కాదండీ. ఊపిరి గొట్టాల్లో వాపు తగ్గించేది. ఆయాసం లేని రోజు కూడా తీసుకుంటేనే పనిచేస్తుంది."

"అయితే నేనన్నది తప్పేనా మేడమ్?"

"తప్పేనండీ."

మా అమ్మాయి చున్నీ అడ్డం పెట్టుకుని నవ్వింది. నాక్కూడా నవ్వొచ్చింది.

ఆ రోజు నుంచి యాప్ మోగగానే నేనూ వెళ్లి ఆమె పక్కన కూర్చునేవాణ్ని. ఇన్‌హేలర్ తీసుకుని నోరు పుక్కిలించి వచ్చేది. తర్వాత ఐదు నిమిషాలు యాప్ చూపించినట్టు మెల్లగా ఊపిరి పీల్చి వదలాలి. యాప్‌లో ఇంగ్లీషులో చెప్పే గొంతు మా ఆవిడకు గిట్టలేదు. "ఎవరో ఇంట్లకొచ్చి ముచ్చట పెడుతున్నట్టుంది," అనేది. అందుకని గొంతు ఆపేసి, తెర మీద ఉబ్బుతూ తగ్గుతూ ఉండే గుండ్రటి బొమ్మను చూస్తూ ముగ్గురం ఊపిరి తీసేవాళ్లం. చాలాసార్లు ముందు కునుకు తీసింది నేనే. అది కాగానే అమ్మాయే ఫోన్ తెచ్చి నా చేతిలో పెట్టేది.

ఎర్ర రాత్రులు పూర్తిగా పోలేదు. పక్కింటికి రంగులు వేసిన వారమంతా దగ్గింది. కాలేజీలో పరీక్షల ముందు రోజు నిద్రే పట్టలేదు. కానీ సంక్రాంతి సెలవులు అయ్యేసరికి పచ్చ రంగే ఎక్కువగా కనపడసాగింది.

ఆ రోజుల్లోనే ఒక ఉదయం ఎనిమిదైనా ఆమె లేవలేదు. మా ఆవిడ రెండుసార్లు గుమ్మం దాకా వెళ్లి తొంగి చూసింది.

"లేపనా?"

"ఒద్దు, పండనీ," అన్నాను.

ఆమెకు తీసిన చాయ్ కూడా నేనే తాగేసి, షాపు ఆలస్యంగా తెరిచాను.