ఎగ్జామినర్ చేతికే చాక్‌పీసు

ఎనభైలలో, అనంతపురంలో ఎం.టెక్. చదివే రోజులు. ట్రాన్సిస్టర్ స్విచ్‌లో వేడికి పుట్టే నాయిస్, అంటే కరెంటులోని అలజడి, కెపాసిటర్ మీద ఎంత మిగులుతుందో నా స్నేహితురాలు సరోజ కంప్యూటర్‌లో లెక్కగట్టింది. స్విచ్ నిరోధం రెట్టింపు చేసినా జవాబు పిసరంతైనా మారలేదు.

వైవాలో ఎగ్జామినర్ ఆ కాగితాలు పక్కకు తోసి, "నిరోధం పెరిగితే నాయిస్ పెరగాలి కదా, ప్రోగ్రామే తప్పు. వచ్చే ఏడాది రామ్మా" అన్నారు. నేను వెనక బెంచీలో కూర్చుని ఉన్నాను.

సరోజ బోర్డు దగ్గరికి నడిచింది. "తప్పు కాదు సార్. నిరోధం పెరిగితే నాయిస్ పెరుగుతాది, అది పొయ్యే దోవ గూడా అంతే ఇరుకవుతాది. సరికి సరి. మీరే వేసి చూడండి" అని చాక్‌పీసు అందించింది.

ఆయన బోర్డు మీద లెక్క వేశారు. భిన్నంలో పైనా కిందా ఉన్న నిరోధాన్ని కొట్టేసి, "కూర్చోమ్మా" అని తన కుర్చీ చూపించారు.

ఇప్పటికీ ఎవరైనా నా లెక్క తప్పంటే, చాక్‌పీసు వాళ్ల చేతికే ఇస్తాను.