బురద మీద ఏసుపాదం బండి

మాధవరంలో మా వీధి చివర రోడ్డు తవ్వుతున్నారు. ఈ ఉదయం తవ్వే యంత్రం ఇనుప చైన్ల మీద గరగరమంటూ కదిలి వెళ్తుంటే కిటికీ అద్దాలు వణికాయి. కాఫీ చల్లారిపోయేదాకా ఆ చప్పుడు వింటూ నిలబడ్డాను. అలా చక్రాలు లేకుండా నడిచే బండిని ఒకప్పుడు ఒక మనిషి తన ఇంటి ముంగిట్లో, ఒక్కడే తయారుచేశాడు.

రాజమండ్రి నుంచి వచ్చి మనలిలో ఒక ఫ్యాక్టరీలో ఇంజనీరుగా చేరిన కొత్తలో ఎన్నూరులో ఉప్పుటేటి ఒడ్డున మేడగది అద్దెకు తీసుకున్నాను. తమిళం రాదు, తెలిసినవాళ్ళు లేరు. ఆదివారం సాయంత్రానికి నా గొంతు నేను విని రెండు రోజులయ్యేది. పక్కింట్లో ఏసుపాదం ఉండేవాడు. లారీ మెకానిక్కుగా పనిచేసి మానుకున్నాడు. తాతల నాడు నెల్లూరు వైపు నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబం. ఆయనా ఒంటరివాడే. ముంగిట్లో పైభాగం కోసేసిన పాత కారు ఉండేది. ఇంజను, గేర్‌బాక్సు, వెనక ఇరుసు మాత్రం మిగిలాయి. ఒకరోజు కిందికి దిగి, ఏం చేస్తున్నారని అడిగాను.

“బురదలో పోయే బండి పాపా. ఇంజను కారుది. కాళ్ళు మాత్రం వేరే.”

ఆ కాళ్ళు పాత రబ్బరు బెల్టులు. వాటికి అడ్డంగా ఇనుప పట్టీలు బిగించాడు. స్టీరింగు లేదు. ఎడమ బ్రేకు పట్టుకుంటే బండి ఎడమకు తిరగాలి. కానీ తిరిగిన ప్రతిసారీ బెల్టు ఊడిపోయేది. నేను రెండు వారాలు లెక్కలు కట్టి కాగితాలు తీసుకెళ్ళాను. ఆయన ఓపికగా చూసి, నా చేతిని బెల్టు తిరిగే ముందు రోలరు మీద పెట్టించాడు.

“కాగితం సరే. ఈడ తడిమి చూడు. ఓరగా ఉండాది.”

నిజమే, వేలికి తెలిసింది. నా చదువుకు ఆరోజు కొంచెం సిగ్గుపడ్డాను. అప్పటి నుంచి ఆదివారాలు ఆయన దగ్గరే గడిచాయి. మాటలు తక్కువ. ఎవరి కోసం ఈ బండి అని అడగడానికి నాకు నెలలు పట్టింది.

“మా ఇంటిది మేరీ ఆ ఏటి బురదలో రొయ్యలు ఏరేది,” అన్నాడు స్పానరు తుడుస్తూ. “ఆటుకు నీళ్ళు తీసినప్పుడు నడుము దాకా దిగబడిపోయింది. పడవ పోయేదానికి నీళ్ళు లేవు. మనిషి పోతే వాడూ దిగబడతాడు. పలకలు పరిచేలోగా పోటు వచ్చేసింది. నేను గట్టు మీద ఉండా పాపా. నన్నే చూస్తా ఉండింది.”

బండి సిద్ధమైన రోజు నన్ను ఎక్కనివ్వలేదు. బురద మీదికి ఒక్కడే నడిపాడు. దిగబడలేదు. కొంత దూరం వెళ్ళి ఇంజను ఆపేసి కూర్చున్నాడు. చాలాసేపు కదల్లేదు. పోటు సమయం దగ్గరపడుతోందని నాకు భయం. చివరికి తిరిగి వచ్చి దిగాడు.

“ఇంతే దూరం పాపా,” అన్నాడు.

ఆ తర్వాత ఆడవాళ్ళు రొయ్యలకు దిగినప్పుడల్లా గట్టు మీద బండితో కాపలా ఉండేవాడు. ఒక్కసారే అవసరపడింది. తొడల దాకా కూరుకుపోయిన ఒకామెను లాక్కొచ్చాడు. బుట్ట పాడుచేశావని ఆమె దారంతా తిట్టిందట. ఆ సంగతి నాకు రెండుసార్లు చెప్పాడు. ఆయన నవ్వగా నేను చూసింది అప్పుడే.

మరుసటి ఏడు నేను శిక్షణకు వేరే ఊరు వెళ్ళినప్పుడు ఛాతీ జబ్బుతో పోయాడు. తిరిగి వచ్చేసరికి సమాధి చేయడం కూడా అయిపోయింది. బంధువులు బండిని పాత ఇనుము కింద ఇచ్చేశారు. ముంగిట్లో నూనె మరక మీద ఎవరో ముగ్గు వేశారు. ఆయన గురించి మాట్లాడుకోవడానికి నాకు ఈ ఊళ్ళో ఎవరూ లేరు.

ఇప్పుడు మా ఫ్యాక్టరీలో కార్మికులు ట్యాంకు శుభ్రం చేయడానికి లోపలికి దిగితే, నా షిఫ్టు అయిపోయినా నేను కదలను. అది నా పని కాదు. చూసుకోవడానికి వేరే మనిషి ఉంటాడు.

“మీరు పోండి మేడం, బస్సు పోతాది,” అంటాడు అతను.

“పోనీలే,” అంటాను. ఆఖరి మనిషి తల బయటికి కనిపించాకే గేటు వైపు నడుస్తాను.